అమ్మ రిటైరై ఆరు నెలలు దాటింది, ఇంకా మండలాఫీసుకే పోతోంది. ఆపాలా, వద్దా?

ఓరుగల్లు_అబ్బాయి

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా అమ్మ నిరుడు జూన్ నెలాఖరున డిప్యూటీ తహసీల్దార్‌గా రిటైరైంది. 1986లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరింది, అంటే 39 ఏళ్ల సర్వీసు. అసలు 58కే దిగిపోవాల్సింది, 2021లో 61కి పెంచడంతో ఇంకో మూడేళ్లు కలిసొచ్చాయి. ఆ మూడేళ్లూ ఇంట్లో మేం అనుకున్నది ఒకటే. దిగిపోగానే హైదరాబాద్ తీసుకొచ్చి మా దగ్గరే పెట్టుకోవాలి, పిల్లలకు నానమ్మ తోడుంటుంది, ఆమెకూ షుగరు, మోకాళ్ల నొప్పులు, ఇక చాలు అని. నాన్న టీచర్‌గా ముందే రిటైరయ్యాడు. ఆయనకు పేపరూ చాయ్ ఉంటే ఏ ఊరైనా ఒకటే.

అమ్మ వచ్చింది, పదకొండు రోజులుంది, హన్మకొండకు తిరిగెళ్లిపోయింది.

ఇప్పుడు ఏం చేస్తుందంటే, వారానికి నాలుగు రోజులు పొద్దున్నే తిని నర్సంపేట బస్సెక్కుతుంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఆమెను ఆపేవాళ్లే లేరు, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది. అక్కడి నుంచి ఆటోలో ఒక మండలాఫీసుకు (ఏ మండలమో ఎందుకులెండి). లోపలికి పోదు. బయట చాయ్ హోటల్ పక్కన వేపచెట్టు కింద బల్ల ఉంటుంది, దాని మీద కూర్చుంటుంది. రెగ్జిన్ సంచిలో తెల్లకాగితాలు, కార్బన్ పేపర్లు, స్కేలు, వేలిముద్రల కోసం స్టాంప్ ప్యాడ్. వచ్చినవాళ్లకు దరఖాస్తులు రాసిస్తుంది. పాస్‌బుక్‌లో తప్పులు, వితంతు పింఛన్లు, వికలాంగుల సదరం సర్టిఫికెట్లు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు, 2020లో సాదా బైనామాకు (తెల్లకాగితం మీద రాసుకొని కొన్న భూమిని పట్టా చేయించుకోవడానికి) దరఖాస్తు పెట్టుకొని ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు. పైసా తీసుకోదు.

అమ్మది రైతు కుటుంబం. పాకాల చెరువు కింద తాతకు మూడెకరాల పొలం, పైన రెండెకరాల చెల్క. చెల్కలో మిర్చి. బడికి పోయే ముందు మిరపకాయలు ఏరి, మండుతున్న చేతులు మజ్జిగలో ముంచుకొని అప్పుడు పలక పట్టుకునేదట. తాతకు సంతకం రాదు. పట్వారీ ఇంటి ముందు చెప్పులు విప్పి గంటలు గంటలు నిలబడేవాడని, వెంట పోయిన తను అరుగు కింద కూర్చొని లోపల దస్తరం తిరగేస్తున్న చప్పుడు వినేదని ఇప్పటికీ చెబుతుంది. 1984లో పటేల్ పట్వారీ పద్ధతి తీసేశారు, మరుసటి ఏడు మండలాలు వచ్చాయి, ఆ పైఏడు ఈమెకు ఉద్యోగం వచ్చింది. అదే ఏదో తాతకు బాకీ తీర్చడానికి వచ్చినట్టుగా ఫీలవుతుంది. చేరిన కొత్తలో కుర్చీలో ఈమెను చూసి వచ్చినోళ్లంతా "సారు ఎటు పోయిండమ్మా?" అని అడిగేవాళ్లట. "సార్‌ను నేనే, చెప్పు" అనడానికి రెండేళ్లు పట్టిందంటుంది.

ఆఫీసులో ఒక ముసలి గుమాస్తా దగ్గర పాత భూమి రికార్డుల్లోని ఉర్దూ మాటలన్నీ నేర్చుకుంది. సేత్వార్, ఖారిజ్ ఖాతా, మిన్‌జుమ్లె, 1954–55 ఖాస్రా పహాణీలో ఏ కాలమ్‌లో ఏముంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నర్సంపేట వైపే ఎక్కువ ఏళ్లు చేసింది. సర్వీస్ రిజిస్టర్ చూస్తే నవ్వొస్తుంది, 2016లో వరంగల్ జిల్లా నుంచి వరంగల్ రూరల్‌కు, 2021లో మళ్లీ వరంగల్‌కు. మనిషి ఉన్నచోటే ఉంది, జిల్లానే ఊరంతా తిరిగొచ్చింది.

సరే, అసలు సంగతి. నెల కింద ఎవరో బ్రోకర్ (నిజం బ్రోకర్, డబ్బులు తీసుకొనేవాడు) చాయ్ హోటల్ దగ్గర అందరి ముందు "మేడమ్ గారు రిటైరైనా దుకాణం బంద్ చెయ్యలే" అన్నాడట. అది పట్టించుకోలేదు. కానీ తర్వాతి వారం, ఒకప్పుడు ఈమె కిందే పనిచేసిన అతను బయటికొచ్చి, మర్యాదగానే, "మేడమ్, మీరు రోజూ ఇక్కడ కూర్చుంటే మాకు ఇబ్బందిగా ఉంది" అన్నాడు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. నాన్న ఫోన్ చేసి చెబితే తెలిసింది. రెండు రోజులు ఇంట్లో ఉండి మళ్లీ బస్సెక్కింది.

నాకు టెన్షన్‌గా ఉంది. ఎండాకాలం వస్తే ఆ చెట్టు కింద ఎట్లా కూర్చుంటుంది? గట్టిగా చెప్పి ఇటు తీసుకొచ్చేయాలా? లేక అక్కడే ఇంకేదైనా పద్ధతిగా చేసే మార్గం ఉందా? మీ ఇళ్లల్లో ఇట్లాంటి అమ్మలు ఉంటే చెప్పండి.

కాజీపేట_కోడలు

అన్నా, మా అత్తయ్య కథ చెబుతా, కొంచెం వేరేలా ఉంటుంది.

అత్తయ్యది జనగామ వైపు, పశువులు కాస్తూ చదువుకున్న మనిషి. ఐసీడీఎస్‌లో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా 30 ఏళ్లు పైనే చేశారు. రిటైరయ్యాక మేమూ మీలాగే హైదరాబాద్ తీసుకొచ్చాం, తొమ్మిదో అంతస్తు. మొదటి నెల ఆవిడ చేసిన పని బాల్కనీలో కూర్చొని కింద గేటు దగ్గర ఎన్ని కార్లు వచ్చాయో లెక్కపెట్టడం. రెండో నెల మా బాబును నెలనెలా బరువు చూసి చార్టులో చుక్క పెట్టడం మొదలుపెట్టారు. వాడికి మూడేళ్లు, తిని తిని గుండ్రాయిలా ఉంటాడు, అయినా చుక్క పెట్టాల్సిందే.

తర్వాత ఒకరోజు కిందికి దిగి, వాచ్‌మన్ గదిలో చంటిపిల్ల ఏడుస్తుంటే చూశారు. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. అత్తయ్య హ్యాండ్‌బ్యాగులో ఇప్పటికీ ఆ రంగుల టేపు ఉంటుంది, అంగన్‌వాడీల్లో పిల్లల దండచేతి చుట్టుకొలత చూసేది. తీసి పిల్ల చేతికి చుట్టారు. ఎరుపులో పడింది. అంటే 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ, తీవ్రమైన పోషణలోపం. వాళ్లమ్మ "సన్నగానే పుట్టిందమ్మా, మా ఇంట్ల అందరం గిట్లనే" అంటోంది. అత్తయ్య వాదించలేదు. పొద్దున్నే ఆటో పిలిచి తల్లీపిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లారు, అక్కడి నుంచి పోషకాహార కేంద్రానికి పంపారు, వీళ్లు రెండు వారాలుండి వచ్చారు. ఆ రెండు వారాలూ వాచ్‌మన్‌కు కూర మా ఇంటి నుంచే.

ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల పిల్లల లెక్క ఆవిడ నోట్‌బుక్‌లో ఉంది. దగ్గర్లోని అంగన్‌వాడీ టీచర్ మొదట్లో ఈవిడను చూసి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చారేమో అని భయపడిందట, ఇప్పుడు తనే ఫోన్ చేస్తుంది.

నేను చెప్పేదేంటంటే, మీ అమ్మగారు పదకొండు రోజులకే వెళ్లిపోయారంటే హైదరాబాద్ నచ్చక కాదేమో, ఇక్కడ ఆవిడ చేతికి పని తగల్లేదు అంతే. బలవంతంగా తీసుకొస్తే మా బాల్కనీ కార్ల లెక్కే మిగులుతుంది. మోకాళ్ల సంగతి మాత్రం చూడండి, బల్ల కాకుండా వెనక ఆనుకునే కుర్చీ ఒకటి ఆ హోటల్ వాళ్ల దగ్గర పెట్టించండి, ప్లాస్టిక్‌దైనా సరే.

రెవెన్యూ_మనిషి

నేను సర్వీసులో ఉన్నాను, పేరు చెప్పను. మీ అమ్మగారి మీద గౌరవంతోనే రాస్తున్నా, కోపం వద్దు.

ఆ వచ్చి చెప్పినతను చెడ్డవాడు కాకపోవచ్చు. రిటైరైన పెద్దవాళ్లు ఆఫీసు ముందు కూర్చుంటే మాకు ఏమవుతుందంటే, లోపలికొచ్చే ప్రతివాడూ "మేడం గిట్ల అన్నది, మీరేమో గట్లంటరు" అంటాడు. ఆమె చెప్పింది 2010 నాటి రూలు అయి ఉంటుంది. భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది 2020లో, దానికి కొద్దిగా ముందే వీఆర్వోలను తీసేశారు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి. సర్వీసులో ఉన్న మాకే ఏ దరఖాస్తు ఎవరి లాగిన్‌లో ఉందో తెలుసుకోవడానికి సగం రోజు పోతుంది. ఇంకొకటి, బయట ఎవడో ఆమె పేరు చెప్పి డబ్బులు తీసుకున్నా మాకు తెలియదు, ఆమెకూ తెలియదు. అది జరిగాక 39 ఏళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది.

కాబట్టి చేయొద్దని కాదు, గుర్తింపుతో చేయమనండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. అక్కడ పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటారు. ఎవరెవర్ని తీసుకోవచ్చో చెప్పే జాబితాలో రిటైరైన ప్రభుత్వ ఉద్యోగులు, వయసు పైబడినవాళ్లు స్పష్టంగా ఉన్నారు. శిక్షణ ఇస్తారు, ఐడీ కార్డు ఇస్తారు, డ్యూటీ వేసిన రోజులకు కొంచెం గౌరవ వేతనం ఉంటుంది, దాని కోసమైతే ఎవరూ రారు. కార్డు మెడలో ఉంటే అదే బల్ల మీద కూర్చున్నా మాట వేరు. అప్పుడు ఆ బ్రోకరే పక్కకు జరుగుతాడు.

పైగా అప్పుడు ఆమె చేయగలిగింది పెరుగుతుంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది, చాలామందికి తెలియదు. 15100కు ఫోన్ చేసినా చాలు. కొడుకులు భూమి రాయించుకొని అన్నం పెట్టని కేసులు మా దగ్గరికి వారానికి రెండు వస్తాయి, వాటికి 2007 చట్టం ఉంది, ఆర్డీవో దగ్గర వేసుకోవాలి, నెలకు 10 వేల దాకా ఇప్పించవచ్చు. చూసుకుంటాననే షరతు మీద గిఫ్ట్ డీడ్ రాసి ఉంటే దాన్ని రద్దు చేయించడానికీ దారి ఉంది. ఇట్లాంటివి లోపల కూర్చున్న మేము చెప్పడానికి టైమ్ ఉండదు, నిజం ఒప్పుకుంటున్నా. వేపచెట్టు కింద ఆమెకు ఉంటుంది.

చివరగా ఒక మాట, పైసలే కాదు, కూరగాయలు కూడా తీసుకోవద్దని చెప్పండి.

ఓరుగల్లు_అబ్బాయి

కూరగాయలంటే గుర్తొచ్చింది. సెప్టెంబర్‌లో నేను ఒక రోజు ఆమెతో పాటు పోయా. ఒక అవ్వ వచ్చింది, పాస్‌బుక్‌లో భర్త పేరు ఉండాల్సిన చోట తండ్రి పేరు, ఆధార్‌లో ఆమె పేరు 'యె'తో, పాస్‌బుక్‌లో 'ఎ'తో. మూడేళ్లుగా తిరుగుతోందట. అమ్మ ఏమీ మాట్లాడకుండా అవ్వ తెచ్చిన కవర్‌లోని కాగితాలన్నీ బల్ల మీద పరిచింది, కరెంటు బిల్లులు, పెళ్లిపత్రిక, ఎప్పటిదో శిస్తు రసీదు. ఆ రసీదు పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూసి "ఇది దొరికింది చాలు" అంది. దరఖాస్తు రెండు కాపీలు రాసి, అవ్వ బొటనవేలిని తన చేత్తో పట్టుకొని ప్యాడ్ మీద అద్ది, వేలిముద్ర పక్కన "నిశాని" అని రాసింది. తర్వాత తన కొంగుతో ఆ వేలు తుడిచింది. రసీదు నంబర్ లేకుండా వెనక్కి రావొద్దని మూడుసార్లు చెప్పి లోపలికి పంపింది. అవ్వ తిరిగొచ్చి సంచిలోంచి నాలుగు మక్క కంకులు తీసి పెట్టింది. అమ్మ తీసుకుంది. అదీ తప్పేనా అంటారా సార్?

చేను_మేడం

నాకు 65. ఈ చర్చ మా అమ్మాయి చూపించింది, టైప్ చేస్తున్నదీ తనే, నేను చెబుతుంటే.

ముందు మక్క కంకుల సంగతి. తీసుకోవాలి. రెవెన్యూ నాయన చెప్పింది ఆఫీసు లోపలికి సరిపోతుంది. బయట, నువ్వు ఏమీ తీసుకోకపోతే ఆ అవ్వ రెండోసారి రాదు, ఊరికే చేయించుకోవడానికి ఆమెకు సిగ్గు. ఇద్దరి మధ్య లెక్క సమానం కావాలి కదా. నలభై కంకులు తెస్తే అప్పుడు వద్దనాలి.

మాది పరకాల వైపు నల్లరేగడి, పత్తి చేలు. ఇంటికి పెద్దపిల్లని, నాగలి తప్ప అన్నీ చేశా. వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా చేరితే మా నాయనకు నవ్వు, "మన చేన్ల కలుపు తియ్యనీకి బద్ధకపడ్డదానివి ఊరోళ్లకు ఏం చెప్తవే" అని. సైకిల్ మీద ఊళ్లు తిరిగేదాన్ని. ఆడమనిషి పురుగుమందుల గురించి చెబుతుంటే మగవాళ్లు చుట్ట కాలుస్తూ వినేవాళ్లు, వాళ్లు పోయాక ఆడవాళ్లు వచ్చి మళ్లీ అడిగేవాళ్లు. మందు కలిపేదీ, నీళ్లు మోసేదీ వాళ్లే కాబట్టి.

1997–98 పత్తి సంగతి ఇక్కడున్న పిల్లలకు తెలియకపోవచ్చు. వానలు అదును తప్పాయి, పొగాకు లద్దెపురుగు దిగింది. ఒకే చేనుకు పది, పదిహేనుసార్లు మందు కొట్టినవాళ్లను చూశా. మందులు అమ్మే దుకాణదారే అప్పిచ్చేవాడు, అతనే ఏ మందు కొట్టాలో చెప్పేవాడు. ఇక మా మాట ఎవరు వింటారు. ఆ ఏడు వరంగల్ జిల్లా పేరు దేశమంతా పేపర్లలో వచ్చింది, రైతుల చావులతో. నేను తిరిగిన ఊళ్లో ఒకతను, సరే, అది వద్దులే. ఆయన భార్య మా తోటిది, అంతే చెబుతా.

నేను 58కే, 2018లో దిగిపోయా. సరిగ్గా అదే ఏడు ఆగస్టులో రైతుబీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఎట్లా చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు, ప్రీమియం సర్కారే కడుతుంది. వినగానే నాకు ఆ ఇంటావిడే గుర్తొచ్చింది. తర్వాత మా ఊళ్లో చూస్తే, నామినీగా భార్య పేరు రాయించి ఉంటాడు, ఆమె చనిపోయి రెండేళ్లయి ఉంటుంది, మార్చడు. లేకపోతే ఆధార్‌లో పుట్టినతేదీ. మా ఊళ్లో సగం మంది జనవరి 1న పుట్టినవాళ్లే తెలుసా, ఎప్పుడో ఎవరో అందాజాగా వేశారు. నిజంగా 55 ఉన్నవాడికి కాగితం మీద 60 దాటింది, బీమా పోయింది.

అందుకని నా పని ఇదొక్కటే. ఏటా వానాకాలం నాట్లప్పుడు, పాలసీ ఏడాది మారకముందే, నోట్‌బుక్ పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతా. "నీ నామినీ ఎవరు, బతికే ఉన్నారా?" అని అడుగుతా. మొదట్లో తిట్టారు, అశుభం మాట్లాడుతోందని. ఒకామె చీపురు ఎత్తింది కూడా. ఆ లిస్టు ఇప్పుడున్న ఏఈవో (విస్తరణాధికారి) పిల్ల చేతికి ఇస్తా. ఆ పిల్లకు ఒక్కదానికే 5 వేల ఎకరాల క్లస్టర్, ఎన్నని చూస్తుంది. నేను ఆమె ఆఫీసులో కూర్చోను, రైతువేదికలో మీటింగ్ ఉంటే వెనక వరుసలో కూర్చుంటా, అడిగితేనే మాట్లాడతా. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మొదట్లో నేనూ మైకు లాక్కున్నా. ఆ పిల్ల మొహం చూశాక అర్థమైంది. మీ అమ్మకు అన్నం సహించకపోవడం నాకు తెలుసు నాయనా, ఆ రోజు నేనూ తినలేదు.

పని అయిపోయాక సరదాకు ఇంకోటి, మా ఊరి హైస్కూల్ పిల్లల్ని చేలోకి తీసుకుపోతా. పత్తిలో పూత మొదలైనప్పుడు గుడ్డిపూలు చూపిస్తా. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పువ్వు తెంపి రేకులు విప్పితే లోపల సన్నగా గులాబీ రంగు పురుగు. పిల్లలు కెవ్వుమంటారు. బీటీ విత్తనం వచ్చి 20 ఏళ్లు దాటింది, పురుగు దానికీ అలవాటు పడింది. ఆ గుడ్డిపూలు ఏరి నాశనం చేయమంటే పెద్దలు కూలి గిట్టదంటారు. పిల్లలు మాత్రం పందెం పెట్టుకొని ఏరతారు. ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు కట్టించి, రోజూ ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో గోడ మీద బొగ్గుతో రాయిస్తా. లెక్కల సారు మెచ్చుకున్నాడు.

మీ అమ్మను హైదరాబాద్ తీసుకుపోవద్దు. ఎండాకాలం మాత్రం రెండు నెలలు ఉంచుకో, మామిడిపళ్లు కొనిపెట్టు. కార్డు సంగతి రెవెన్యూ నాయన బాగా చెప్పాడు, అది చేయించు.

కాజీపేట_కోడలు

మేడం, చీపురు ఎత్తినామె తర్వాత ఏమైంది? అది చెప్పకుండా వదిలేశారు.

చేను_మేడం

మార్చుకుంది. ఇప్పుడు నాకంటే ముందు ఆమే అడుగుతుంది అందరినీ, చీపురు పట్టుకొని.

ఓరుగల్లు_అబ్బాయి

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఇదంతా అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించా. భూభారతి రూల్స్ తనకు తెలియవన్నట్టు రాసినచోట ఆపి, "వచ్చిన నెలలోనే ఆ చట్టం ప్రింట్ తీయించుకొని చదివిన, రమ్మను వాణ్ని" అంది. సారీ సార్, ఉన్నది ఉన్నట్టు రాశా. కోర్టు కార్డు సంగతి వినగానే మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎన్ని ఫొటోలు కావాలి, అటెస్టేషన్ ఎవరితో చేయించాలి అని అడిగింది. ఇన్నేళ్లు అందరికీ అటెస్ట్ చేసి పెట్టిన మనిషి, తన కాగితాలకు ఎవరి దగ్గరికి పోవాలో ఆలోచిస్తోంది.

రేపు తనే కోర్టుకు పోయి కనుక్కుంటానంది, నన్ను రావొద్దంది. చేను మేడం, మీకో ప్రశ్న ఉంది ఆమె తరఫున. ఆమె పుట్టిన ఊళ్లో కూడా ఆ నామినీల లిస్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, నోట్‌బుక్‌లో కాలమ్‌లు ఎట్లా గీశారు అని.

చేను_మేడం

ఫోన్‌లో చెబితే తెలియదు. శనివారం పది గంటలకు నర్సంపేట బస్టాండుకు రమ్మను, నా నోట్‌బుక్ తెస్తా. మా అమ్మాయి నీకు నంబర్ మెసేజ్ పెడుతుంది. కళ్లద్దాలు మర్చిపోవద్దని చెప్పు, నా రాత చిన్నగా ఉంటుంది.